మా బాపు వీలునామాకు సాక్షి

పొద్దున దీపం పెట్టి లేస్తుంటే కొత్తవాడలోని అమ్మగారి ఇంటి నుంచి చిన్నచెల్లె ఫోన్. "అక్కా, టీచరమ్మ పోయింది. నిద్రలనే పోయింది" అన్నది.

దుఃఖం రావాల్సిన చోట ముందు భయం వచ్చింది. మా బాపు వీలునామా మీద ఇద్దరు సాక్షుల సంతకాలున్నాయి. అందులో ఒకటి ఆమెది. బాపు ఇంకా ఉన్నాడు. సాక్షి ముందు పోతుందని మేమెవరమూ అనుకోలేదు. అమ్మవారిని తలుచుకుని హన్మకొండలో ఆటో ఎక్కాను.

టీచరమ్మది మా అమ్మగారి ఇంటికి ఎదురిల్లు. నాకు, తమ్ముడికి, చిన్నచెల్లెకు వాడలోని బడిలో అక్షరాలు దిద్దించింది ఆమే. రిటైరయ్యాక రోజూ సాయంత్రం వచ్చి మా గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చునేవారు. కూర్చోకముందే "ఏం కూర?" అని అడిగి, రుచి చూసి మార్కులు వేసేవారు. "టమాటకు ఆరు. నిన్నటి పప్పే నయముండె" అంటే అమ్మ ఉడుక్కునేది. "రేపటి సంది నీ ఇంట్లనే వండుకో పో" అనేది. మర్నాడు మళ్లీ గిన్నెలో తెచ్చి పెట్టేది.

బడిలో ఆమెకు రెండు పట్టింపులు. రాని పిల్లకు హాజరు వేయరు. పైనుంచి తనిఖీకి వస్తున్నారని పెద్దసారు బతిమాలినా వేయలేదట. "కండ్లకు కనవడని పిల్లను వచ్చిందని ఎట్ల రాస్త సార్?" అన్నారట. రెండోది, ఒకరిని అడిగితే ఇంకొకరు జవాబు అందించకూడదు. మా తమ్ముడికి ఆ జబ్బు ఉండేది. రెండు తరగతులు ఒకే గదిలో. చిన్నచెల్లెను ఎక్కం అడిగితే వాడి పెదవులు ఆడేవి. "నిన్నడిగిన్నారా? బయటకు నడువ్" అనేవారు. గడప అవతల నిలబడి చదివిన చదువే వాడికి ఎక్కువని మేం ఏడిపించేవాళ్లం.

బాపుకు గుండె ఆపరేషన్ చేయాలని దవాఖానలో చెప్పాక ఇల్లంతా గొంతు తగ్గించి మాట్లాడడం మొదలైంది. జంపఖానాలు నేసి బాపు కట్టుకున్న ఇల్లు అది. ఆయన పేరు మీదే ఉంది. ముందుగదిలో చిన్నచెల్లె కుట్టుమిషను. పెళ్లి వద్దనుకుని, బట్టలు కుట్టుకుంటూ, అమ్మనూ బాపునూ చూసుకుంటూ అక్కడే ఉండిపోయింది. బాపుకు ఏమన్నా అయితే ఆ ఇల్లు ఏమవుతుంది? దాని నెత్తి మీద నీడ ఉంటుందా? ఆ మాట మా అందరి కడుపులో ఉంది. నోటికి రాలేదు.

హైదరాబాద్ నుంచి వచ్చిన తమ్ముడే ధైర్యం చేశాడు. "ఆన్‌లైన్ల అయితది బాపు. అడిగినవాటికి జవాబు చెప్తే వీలునామా తయారైతది. ప్రింటు తీసి సంతకాలు పెట్టుడే."

అమ్మ చాట కింద పడేసింది. "ఆపరేషన్‌కు పోయే మనిషి ముంగట గవేం మాటలురా?"

"వకీలు దగ్గరికి పోదాం తమ్మీ" అన్నాను.

"వకీలంటే తిప్పుకుంటరక్కా. మనకాడ అంత టైమేది?"

వాడిదీ భయమే. చెప్పాలంటే ఆ ఫోను అడిగే ప్రశ్నలు బాగానే ఉన్నాయి. తమ్ముడు ఒక్కొక్కటే చదివాడు.

"ఇల్లు ఎవరికి బాపు?"

బాపు వాడి ముఖంలోకి చూశాడు. "నీ ఇష్టం కొడుకా."

"ముగ్గురికి సమానంగ పెట్టాల్నా?"

"పెట్టు."

ఏది అడిగినా అదే. నీ ఇష్టం కొడుకా. తమ్ముడు అన్యాయమేమీ రాయలేదు. మూడు సమాన భాగాలు రాశాడు. అయితే ఆ రెండు గదుల ఇల్లు మూడు భాగాలైతే అమ్మక తప్పదు. అమ్మితే చిన్నచెల్లె ఎటు పోవాలి? ముందుగదిలో కత్తెర చప్పుడు ఆగిపోయింది. అది తల ఎత్తలేదు.

టీచరమ్మ గుమ్మంలో కూర్చుని ఇదంతా వింటూనే ఉన్నారు. తమ్ముడు ప్రింటు తీయించుకొచ్చి, "సాక్షి సంతకం ఇక్కడ టీచర్" అని పెన్ను ఇచ్చాడు. ఆమె కొంగుతో కళ్లద్దాలు తుడుచుకుని మొదటి నుంచి చివరిదాకా చదివారు. పెన్నుకు మూత పెట్టారు.

"నేను పెట్ట."

"తప్పేమన్న ఉన్నదా టీచర్?"

"తప్పు లేదు. మీ బాపు మాట లేదు. ఆయన మనసుతోని రాయించిండని రేపు నేను సాక్ష్యం చెప్పాలె. ఆయన చెప్పంగ నేను ఇనలే. నువ్వు చెప్పంగ విన్న."

"ఆపరేషన్ దగ్గరికొచ్చింది టీచర్..."

"నాకెరికె. నాకు గూడ భయమైతాంది. భయమైతే రాని పిల్లకు హాజరెయ్యాల్నా?" కొంచెం మెత్తగా అన్నారు. "ఆన్‌లైనా, వకీలా అన్నది ఎనక చూసుకోండ్రి బిడ్డా. ముందుగాల ఆయనను అడుగుండ్రి."

మర్నాడు ఆమెను కూడా వెంటబెట్టుకుని వకీలు దగ్గరికి వెళ్లాం. వకీలు పెద్దమనిషే. అందరినీ కూర్చోబెట్టి, తమ్ముడి వైపు తిరిగి "చెప్పు తమ్మీ, ఎట్ల రాద్దాం?" అన్నారు. బాపు కూడా తమ్ముడి వైపే తిరిగాడు.

"సార్, ఇల్లు కట్టింది ఆయన" అన్నారు టీచరమ్మ. తర్వాత తమ్ముడిని చూసి, "నువ్వు బయటకు నడువ్" అన్నారు.

నలభై దాటిన మనిషి, లేచి బయటకు నడిచాడు. వాడి వెనకే నేను, చిన్నచెల్లె. లోపల అమ్మ, బాపు, వకీలు, ఆయన గుమాస్తా, టీచరమ్మ. తలుపు మూసుకుంది. బయట బల్ల మీద కూర్చుని అమ్మవారి నామం చెప్పుకుంటుంటే మధ్యలో తప్పిపోతోంది. మళ్లీ మొదలుపెడుతున్నాను. చాలాసేపు లోపల ఎవరి గొంతూ లేదు. తర్వాత బాపు గొంతు వినబడింది. మాటలు తెలియలేదు. మగ్గం మీద ఉన్న రోజుల్లో నూలు రంగు బాగాలేదని షావుకారుతో కొట్లాడే గొంతు అది. ఎన్నేళ్లకో విన్నాం.

సాక్షులుగా టీచరమ్మ, గుమాస్తా సంతకాలు చేశారు. రిజిస్ట్రేషనూ అయింది. ఏం రాయించాడో బాపు చెప్పలేదు. టీచరమ్మను అడిగితే "పరీక్ష పేపరు ముందుగాల్నే చెప్తరానే?" అన్నారు. ఆపరేషన్ దేవుడి దయవల్ల బాగా జరిగింది. బాపు లేచి తిరిగాడు. ఆ కాగితంలో ఏముందోనన్న నా భయం మాత్రం అట్లాగే కూర్చుంది.

ఆమె పోయిన రోజు ఆటోలోంచే వకీలుకు ఫోన్ చేశాను. "రెండో సాక్షి ఉన్నడు గదమ్మా. రిజిస్ట్రేషనైన కాగితం. ఫికర్ చెయ్యకు" అన్నారు. కాగితం నిలబడుతుంది, సరే. దాన్ని విప్పి చదివిన రోజు మేం ముగ్గురం నిలబడతామా? బాపు మాట విని, అవును, ఆయన ఇట్లాగే అన్నాడని మా మధ్య కూర్చుని చెప్పాల్సిన మనిషి, ఎదురింట్లో మెడ దాకా దుప్పటి కప్పుకుని పడుకుని ఉంది. చూడవచ్చిన వాళ్లంతా బాపు నేసిన జంపఖానాల మీదే కూర్చున్నారు.

ఆన్‌లైన్ మంచిదా, వకీలు మంచిదా అని తెలిసినవాళ్లు నన్ను అడుగుతుంటారు. నాకు అంత తెలియదు. మీ అమ్మనూ నాన్ననూ అడిగే వేళకు మీరు ఎక్కడ నిలబడ్డారో చూసుకోండి. ఆమె దగ్గర నేర్చుకున్నది అంతే.

దహనమయ్యాక ఇంటికి వచ్చి స్నానాలు చేశాం. తమ్ముడూ వచ్చి ఉన్నాడు. బాపు గుమ్మంలో, ఆమె కూర్చునే కుర్చీలో కూర్చున్నాడు. చాలాసేపు ఎదురింటి వైపు చూసి, "సాక్షి పోయింది. ఇగ నేనే చెప్తాన, ఇనుండ్రి" అన్నాడు.

చిన్నచెల్లె మిషను మీద చెయ్యి ఆనించుకుంది. తమ్ముడు లేచాడు. ఎవరూ చెప్పకుండానే గడప దాటి, వీధివైపు తిరిగి నిలబడ్డాడు.

బాపు వాడి వీపు వైపు చూశాడు. తర్వాత ఎవరి ముఖమూ చూడకుండా అన్నాడు. "మా ఇద్దరి ఎనక ఇల్లు చిన్నదానికి. ఎవలు చెప్పలే. నా ఇష్టం."

"మంచిగ చెప్పినవ్ బాపు" అన్నాడు తమ్ముడు, బయటి నుంచే.

"అయిపాయె గదా, లోపలికి రారా" అని అమ్మ పిలిచింది. వాడు రాలేదు. చేతులు కట్టుకుని, ఎదురింటి తలుపు వైపు చూస్తూ, టీచరమ్మ రమ్మనేదాకా నిలబడే పిల్లవాడిలాగా అక్కడే నిలబడ్డాడు.