వదిన ఇచ్చిన కంటి చుక్కలు

తొంభైల చివర, నేను రిటైరై విజయవాడలో ఉంటున్న రోజులు. ఉయ్యూరు దగ్గర మా అన్నయ్య చేలో చెరకు నరుకుతుంటే చూడ్డానికి వెళ్ళాను. గట్టు మీద నడుస్తుంటే ఒక ఆకు అంచు కుడికంటికి తగిలింది. నీళ్ళు కారితే తుడుచుకుని ఊరుకున్నాను. తెల్లారేసరికి కన్ను ఎర్రబడింది, వెలుగు చూడలేకపోయాను.

మా వదినకు అంతకుముందే శుక్లం ఆపరేషన్ అయింది. మిగిలిన చుక్కల సీసా తెచ్చింది. "నా కన్ను దీంతోనే బాగుపడిందయ్యా మరిదీ. తల వెనక్కి వాల్చు. మీ అన్నయ్యలా గింజుకోకు" అని తానే వేసింది. సాయంత్రానికి ఎరుపు తగ్గింది. బయల్దేరేటప్పుడు సీసా నా జేబులో పెట్టింది. ఇంటికొచ్చాక కూడా అవే వేసుకున్నాను. ఎరుపు తగ్గుతోందని డైరీలో సంతోషంగా రాసుకున్నాను కూడా.

తర్వాత నొప్పి మొదలైంది. కణత పగిలిపోతుందేమో అనిపించేది. నల్లగుడ్డు మీద తెల్లటి మచ్చ చూసి మా ఆవిడ హడలిపోయి కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళింది. డాక్టరమ్మ కన్ను మొద్దుబారే మందు వేసి, మచ్చ మీద గీకి పరీక్షకు స్లైడు మీదికి తీశారు. రిపోర్టు చూసి, "ఫంగల్ అల్సరండీ, బూజు చేరి పడిన పుండు. ఇంతవరకూ ఏం వేశారు?" అన్నారు. సీసా చూపించాను.

"ఇది స్టెరాయిడ్. ఆపరేషన్ తర్వాత వాపు తగ్గడానికి ఇస్తాం. మీకు పైన ఎరుపు తగ్గించింది, లోపల ఫంగస్‌ని మేపింది."

ఫంగస్‌ని చంపే నాటమైసిన్ చుక్కలు గంటగంటకూ వేయమన్నారు. పాలలా తెల్లటి మందు. రెప్ప తెరవడమే నరకం. "మూయకండి! మీకన్నా పసిపిల్లలు నయం" అని మా ఆవిడ కసురుతూ వేసేది. వేశాక అటు తిరిగి కళ్ళొత్తుకునేది. అయినా కంట్లో చీము చేరింది. కీటోకొనజోల్ మాత్రలు కూడా రాశారు. "కార్నియా, అదే నల్లగుడ్డు మీది పొర, పలచబడిందండీ. చిల్లు పడితే కన్ను తీసేయాల్సి రావచ్చు" అన్నారు.

కన్ను తీసేయలేదు. పుండు మానడానికి నెలలు పట్టింది. మానినచోట తెల్లటి మచ్చ మిగిలింది. మావైపు దాన్ని పువ్వు అంటారు. ఆ కంటికి వెలుగు తెలుస్తుంది, ఎదుట మనిషి తెలియడు. నేటికీ రోడ్డు దాటాలంటే మా ఆవిడ చెయ్యి పట్టుకోవాలి. ఒంటికంటికి దూరం అందక గ్లాసులో పోసే నీళ్ళు పక్కన పోతాయి.

బాధపడుతుందని వదినకు అసలు సంగతి చెప్పలేదు. పుండు మానిన మరుసటి ఏడు ఉయ్యూరు వెళ్తే, "నా చుక్కలు పడబట్టి అంతటితో ఆగింది" అంది. రెండో కన్ను ఆపరేషన్‌లో మిగిలిన సీసా చేతిలో పట్టుకుని, "పక్కింటి కోడలికి కన్ను ఎర్రబడిందట, ఇచ్చొస్తా, కూర్చో" అంటూ చెప్పులు వేసుకుంది. అప్పుడిక చెప్పక తప్పలేదు. ఆమె గుమ్మంలోనే కూర్చుండిపోయింది. "ముందే చెప్పకపోయావా అబ్బాయ్" అని చాలాసేపు అదే మాట అంది. తర్వాత లేచి పక్కింటికి వెళ్ళి, ఆ అమ్మాయిని ఆసుపత్రికి బయల్దేరదీసింది.

మిగిలిన కంటిమందు ఎంత కావలసినవాళ్ళకైనా ఇవ్వకండి, పారబోయండి.