సలోమక్క మైకు

ఏడేళ్లుగా ఈ మాట నా గొంతులో అడ్డంపడి ఉంది. పాస్టరు గారికి చెప్పలేదు, ఇంట్లో చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను.

టేకులపల్లి దగ్గర మా చర్చిలో సలోమక్క, నేను పక్కపక్కన కూర్చుని పాడేవాళ్లం. ఆమె అంగన్‌వాడీ టీచరు. నాకు శ్రుతి నేర్పింది ఆమే. శనివారం ప్రాక్టీసు అయ్యాక ఒకే గిన్నెలో కలుపుకుని తినేవాళ్లం. సొంత అక్క ఉన్నా నాకు ఇంతకన్నా ఎక్కువయ్యేది కాదు.

ఆమెకు గొంతు ఆపరేషన్ అయింది. ఆ తర్వాత పైస్థాయిలో గొంతు చీలిపోయేది. ఒక ఆదివారం ముందు వరుసలో ఇద్దరు మూతికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. ఆంప్లిఫయరు చూసుకోవడం నా పని. ఆమె మైకు వాల్యూమ్ పూర్తిగా తగ్గించేశాను.

ఆ ఒక్క పూటకే అనుకున్నాను. నిజంగా అనుకున్నానా? ఆమె పరువు కాపాడుతున్నానని నాకు నేను సర్దిచెప్పుకున్నాను గానీ, ఆరాధన అయ్యాక అందరూ నా దగ్గరికే వచ్చి ఎంత బాగా పాడావమ్మా అంటుంటే నాకు కలిగిన సంతోషాన్ని ఏమనాలి? నాలుగేళ్లు ఆ వాల్యూమ్ పెంచలేదు. స్పీకర్లు జనం వైపు తిరిగి ఉండేవి. వాటి వెనక, నా పక్కన కూర్చున్న ఆమెకు తేడా తెలిసేది కాదు.

ఒకసారి అడిగింది.

"చెల్లె, నా గొంతు బయటికి వినపడ్తుందా?"

"అవ్ అక్కా, మంచిగ వినపడ్తుంది."

"గట్లనా! దేవుడు నా గొంతు నాకు మళ్లిచ్చిండు."

నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. సిగ్గుతో.

తర్వాత జబ్బు తిరగబెట్టింది. ఇప్పుడు మంచం మీదే ఉంది, మాట గుసగుసగా తప్ప రాదు. పోయిన వారం చూడ్డానికి వెళ్తే, ఆ నాలుగేళ్లలో మేం రికార్డు చేసుకున్న క్రిస్మస్ క్యాసెట్ తెచ్చిపెట్టమంది. తన గొంతు ఒక్కసారి వినాలట. ఆ రికార్డింగు ఆంప్లిఫయరు నుంచే తీశాం. ఆమె గొంతు అందులో ఎక్కడుంటుంది? టేపు పాడైపోయిందని చెప్పాను. పోనీలే అంది.

టేపు పాడవలేదు. ఈ పొద్దున విన్నాను. పాటంతా నేనే. నేను ఊపిరి తీసుకోవడానికి ఆగిన చోట మాత్రం, నా మైకులోకి ఆమె గొంతు సన్నగా పడింది. చీలిన గొంతే. కానీ శ్రుతి తప్పలేదు.

ఆ సంగతి ఆమెకు చెప్పాలంటే ముందు ఇదంతా చెప్పాలి. నా వల్ల కావడం లేదు. మీకు చెప్పగలిగాను, అంతే.