చూడకుండా రాసిన నీళ్ళు

నా చిన్నప్పుడు మా దివిసీమలో నీళ్ళను నాలుకతో కొలిచేవాళ్ళు. మాది హంసలదీవికి వెళ్ళే దారిలో, సాగునీటి కాలవకు చిట్టచివర ఉన్న ఊరు. పై ఊళ్ళన్నీ తడిశాక గానీ కాలవ నీరు మా దాకా వచ్చేది కాదు. అప్పటిదాకా నారుమళ్ళను బతికించుకోవడానికి మురుగు కాలవ నీళ్ళే దిక్కు. ఆ కాలవ పోయి సముద్రంలో కలుస్తుంది కాబట్టి, పోటు వచ్చినప్పుడు ఉప్పునీరు వెనక్కి ఎక్కేది. రైతులు దోసిట్లో నీళ్ళు తీసుకుని, నాలుకకు తగిలించి, మడికి పెట్టొచ్చో లేదో తేల్చేవాళ్ళు.

ఏళ్ళ తరబడి ఉప్పబావుల నీళ్ళు తాగిన నాలుకను నమ్మలేమని మా మేనత్త అనేది. ఆవిడ హైస్కూల్లో సైన్సు టీచరు. మా ఇంట్లోనే ఉండేది. ఆదివారం చర్చి నుంచి వచ్చాక వసారాలో చాప వేసుకుని కథలు రాసుకునేది. నాకు ఆవిడ సైన్సు కంటే కథలే గొప్పగా కనిపించేవి. మా ఊరి గ్రంథాలయంలో ఉన్నవి రెండు బీరువాలు. పదకొండో ఏడు వచ్చేసరికి ఒక బీరువా పూర్తి చేశానని ఊరంతా చెప్పుకుని తిరిగేదాన్ని. నా చదువెంత అని ఇప్పుడు ఎవరైనా అడిగినా, డిగ్రీ కంటే ముందు ఆ బీరువాల సంగతే చెబుతాను.

ఆ ఏడు అత్తయ్య నాకొక పని అప్పగించింది. రోజూ పొద్దున్నే మురుగు కాలవ నుంచి సీసాతో నీళ్ళు తేవాలి. గాజు గొట్టంలో కొలిచి పోసి, పసుపు మందు ఒక బొట్టు వేసి, తర్వాత ఇంకో మందు చుక్క చుక్కగా వేస్తూ లెక్కపెట్టాలి. నీళ్ళు ఇటుక రంగుకు తిరగడానికి ఎన్ని ఎక్కువ చుక్కలు పడితే ఉప్పు అంత ఎక్కువ ఉన్నట్టు. పదిహేను దాటితే నారుకు పోయకూడదు. ఆ లెక్క ఒక నోటుబుక్కులో రాయాలి.

ఆ లెక్క కోసం రోజూ వచ్చేది పక్కింటి పెద్దమ్మ. భర్త లేడు. ఎకరం పొలం కౌలుకు చేసేది. ఆ ఎకరానికి సరిపడా నారు పోసి, బిందెలతో నీళ్ళు మోసి తడుపుకునేది. చదువు రాదు. మా గుమ్మం దగ్గర బిందె దించి, "ఇయ్యాల ఎన్నే, చిన్న టీచరమ్మా? నా నాలిక ముసల్దైపోయిందే. నీ చుక్కలే నాకు నాలిక" అని నవ్వేది. నేను నోటుబుక్కు తెరిచి, పాఠం చదివినట్టు గట్టిగా చదివేదాన్ని.

రెండు వారాలకు ఆ పని మీద విసుగు పుట్టింది. రోజూ తొమ్మిది, పది, మళ్ళీ తొమ్మిది. ఏ కథలోనైనా మూడు రోజులు వరసగా ఏమీ జరగకపోతే ఎవరు చదువుతారు? పైగా రెండో బీరువాలో ఒక లావు నవల దొరికింది. అత్తయ్య పరీక్ష పేపర్లు దిద్దడానికి బందరు వెళ్ళింది. నేను మూడు పొద్దులు కాలవ గట్టు ఎక్కలేదు. నవల చదువుతూనే నోటుబుక్కు నింపాను. ఉత్త అంకె రాస్తే బాగుండదని ఒక వాక్యం కూడా కలిపాను: "నీరు అద్దంలా ఉంది, కొంగ తన నీడను చూసుకుంటోంది, తొమ్మిది చుక్కలు." పెద్దమ్మ విని మురిసిపోయింది. "కొంగ గూడా తాగతందంటే ఇంకేం" అని బిందె ఎత్తుకుంది.

ఆ మూడు రోజులూ అమావాస్య పోటు.

అత్తయ్య తిరిగొచ్చిన పొద్దున పెద్దమ్మ మడిలో నారు కొసలు తెల్లబడి ఉన్నాయి. సాయంత్రానికి చాపలా వాలిపోయింది. అత్తయ్య తనే నీళ్ళు తెచ్చి చూసింది. ముప్పై చుక్కలు దాటినా రంగు తిరగలేదు. నోటుబుక్కు తీసి నా కొంగ వాక్యం చదివింది. కొడుతుందనుకున్నాను. మడి గట్టు మీద కూర్చోబెట్టి, "ఏం జరిగిందో రాయి" అంది.

రాశాను. సముద్రం ఎలా పొంగిందో, ఉప్పు ఎలా పాకిందో, లేత నారు ఎలా మాడిందో పేజీ నిండా రాశాను. నిజం చెప్పాలంటే, రాస్తుంటే కొంచెం గర్వంగానే ఉంది. అత్తయ్య మొత్తం చదివి కాగితం తిరిగి ఇచ్చింది.

"బాగా రాశావు. ఇందులో నువ్వెక్కడున్నావు?"

పేజీ అడుగున రాశాను: నేను నీళ్ళు తేలేదు. మూడు రోజులూ చూడకుండా రాశాను.

"ఇప్పుడు పెద్దమ్మకు చదివి వినిపించు. రోజూ ఆవిడకేగా చదువుతావు."

పెద్దమ్మ మడిలో వంగి, మాడిన మొక్క ఒకటి పీకి, వేరు పచ్చిగా ఉందేమోనని గోటితో గిచ్చి చూస్తోంది. నేను చదివాను. కింది రెండు వాక్యాలు కూడా. ఆమె నిటారుగా నిలబడి చివరిదాకా విన్నది.

"మొన్ననే ఇట్టా చదివుంటే నేను బిందె ఎత్తేదాన్నే కాదు గదే" అంది. తర్వాత అత్తయ్య వైపు తిరిగి, "దాన్ని కొట్టబాకండి, టీచరమ్మగారూ. చదువుకునే పిల్ల" అని, ఎవరి మడిలోనైనా నారు మిగిలిందేమో అడగడానికి చీకటి పడకముందే పక్క ఊరు బయల్దేరింది.

దొరికింది ముదురు నారు. నాటు ఆలస్యమైంది, పంట పలచగా వచ్చింది. మరుసటి ఏడు ఆ ఎకరం వేరేవాళ్ళ చేతికి పోయింది. పెద్దమ్మ గుడివాడలో తమ్ముడి దగ్గరికి వెళ్ళిపోయింది. అందరి ముందూ అత్తయ్య తప్పు తన మీదే వేసుకుంది, చిన్నపిల్లకు అప్పగించడం తనదే పొరపాటంది. అది కూడా నిజమే కావచ్చు. కానీ నాకు దానితో మనసు తేలికపడలేదు.

తర్వాత బందరులో నీళ్ళు, మట్టి పరీక్షించే ల్యాబులో రిటైరయ్యేదాకా పనిచేశాను. సాయంత్రాలు కథలు రాశాను, కొన్ని అచ్చయ్యాయి కూడా. "రిపోర్టులు రాసే చేత్తోనే కథలెట్టా రాస్తారండీ?" అని అడిగేవాళ్ళు. రెండింటికీ ముందు వెళ్ళి చూసి రావాలండీ అని చెప్పేదాన్ని. అంతవరకే చెప్పేదాన్ని.

చెప్పనిది ఒకటుంది. కథల్లో కల్పించొచ్చు కదా. ఒక ఆడమనిషి కౌలు పొలం, ఉప్పునీరు, అయినా నారు పచ్చగా నిలబడినట్టు రాద్దామని మూడుసార్లు మొదలుపెట్టాను. ఎవరూ తప్పు పట్టరు, అది కథ. మూడుసార్లూ మొక్క పచ్చబడాల్సిన వాక్యం దగ్గర పెన్ను ఆగిపోయింది. ఆ కాగితాలు అక్కడి దాకానే ఉన్నాయి.