మూడో మనిషి నడక

కొత్తవాడలో జంపఖానాలు నేసే పెద్ద మగ్గం మీద ఇద్దరు కూర్చుంటారు. వెడల్పు ఎక్కువ కాబట్టి ఒక్కడి చేతులు చాలవు. కుడివైపు ఒకడు, ఎడమవైపు ఒకడు, నడుమ జానెడు ఖాళీ. అట్లా పదహారేళ్లు పక్కపక్కన కూర్చున్న ఇద్దరిలో ఒకడు మగ్గం దగ్గరే తల పగిలి చనిపోయాడు. రెండోవాడి మీద హత్య కేసు పెట్టారు. చూసినవాళ్లు ఎవరూ లేరు. విన్న మనిషి ఒకామె ఉంది, చనిపోయినవాడి భార్య. ఆమెకు పుట్టుకతోనే చూపు లేదు.

అప్పటికి నేను కోర్టు వార్తలు రాయడం మొదలుపెట్టి ఇరవై ఏళ్లు దాటింది. ఇట్లాంటివాళ్లను మా పేపర్ మొదట్లో 'గుడ్డి' అని రాసేది. తర్వాత 'అంధురాలు' అయింది, ఆ తర్వాత 'దివ్యాంగురాలు'. మాట మారినప్పుడల్లా డెస్క్ నుంచి ఒక కాగితం వచ్చేది. బోనులో నిలబడిన మనిషిని వకీలు అడిగే మొదటి ప్రశ్న మాత్రం నేను చూసినంత కాలం ఒకటే. నీకు కనపడదు కదా, ఎట్లా చెప్తావు?

విచారణ మొదలు కాకముందే నేను వాళ్ల ఇంటికి వెళ్లాను. ముందు గదిలో కూర్చుని ఆమె కండెలకు నూలు చుడుతోంది. పక్కన ఆడబిడ్డ చిక్కులు తీస్తోంది.

"కొత్త మనిషి. బూట్లేసుకున్నడు" అంది ఆమె, నేను నోరు తెరవకముందే.

"పేపరాయన వదినె. జర మంచిగ మాట్లాడు, ఫోటో గూడ తీస్తడట" అంది ఆడబిడ్డ.

"నా ఫోటో నేనేం జూస్త. నువ్వే దిగు."

తర్వాత ఆమె చెప్పడం మొదలుపెట్టింది. మధ్యాహ్నం కరెంటు పోయింది. గల్లీలో పవర్‌లూములన్నీ ఆగిపోయి నిశ్శబ్దంగా ఉంది. వెనక షెడ్డులో మగ్గం మీద ఇద్దరూ ఉన్నారు. అరుపులు లేవు. బస్తా కిందపడ్డట్టు ఒక చప్పుడు. ఆ తర్వాత ఒక్క మనిషి నడుచుకుంటూ బయటికి వెళ్లాడు.

"మా ఆయనతోని నేసేటాయన ఎడమ మడిమ నేలకు గీస్తడు సార్. పదహారేండ్ల సంది వింటాన. మా ఆయన నడక వేరే. కుడికాలు బరువుగ ఏస్తడు, ఎడమది మెల్లగ పెడ్తడు, ఇంట్ల ఎవలన్న పండుకున్నరేమో అన్నట్టు."

"కోర్టులో ఇదంతా నమ్ముతారంటారా?" అన్నాను.

"నమ్మాలె. బెయిల్ మీదొచ్చి పక్కింట్లనే ఉంటాండు. ఇడిసిపెడితే ఇగ బతికినన్నొద్దులు ఆ గోడ అవుతల్నే ఉంటడు."

మర్నాడు జిల్లా ఎడిషన్ మొదటి పేజీలో నా కథనం వచ్చింది. నేలకు గీసుకునే మడమ శబ్దంతోనే మొదలుపెట్టాను. చిన్న వివరం ఎంత గట్టిగా పట్టుకుంటే వార్త అంత నిలబడుతుందని నాకు నేర్పారు, నేనూ పదిమందికి నేర్పాను. ఆమె భర్త నడక సంగతి కూడా రాశాను కానీ, చోటు చాలక ఆ నాలుగు వాక్యాలు నేనే కొట్టేశాను. డెస్క్ నుంచి ఫోన్ చేసి మెచ్చుకున్నారు. గల్లీ అంతా చదివిందని ఆడబిడ్డ చెప్పింది. గల్లీ అంటే పక్కిల్లు కూడా అని అప్పుడు నాకు తోచలేదు.

హనుమకొండ కోర్టులో ఆమె సాక్ష్యం రోజున జడ్జిగారు ఆమెకు కుర్చీ వేయించారు. ముద్దాయి తరఫు వకీలు లేచేసరికి ఆయన చేతిలో నా కథనం కత్తిరింపు ఉంది. అడుగుల చప్పుడుతో మనిషిని పోల్చగలదంటున్నారు కాబట్టి ఇక్కడే పరీక్షించాలని కోరాడు. అది మామూలుగా జరిగేది కాదు. జడ్జిగారు కాసేపు ఆలోచించి సరే అన్నారు. ఐదుగురు మగవాళ్లు, ముద్దాయితో కలిపి, వట్టికాళ్లతో ఒకరి తర్వాత ఒకరు వరండాలో నడవాలి. తలుపులు తెరిచి ఉంచారు. ఆమె లోపల కూర్చుంది. నేను గుమ్మం పక్కన నిలబడ్డాను.

మొదటివాడు నడిచాడు. రెండోవాడు నడిచాడు. మూడోవాడు ముద్దాయి. నేను అతని ఎడమకాలినే చూస్తున్నాను. మడమ ఎక్కడా నేలకు గీసుకోలేదు. నేనేం చేశానో ఆ క్షణంలోనే నాకు అర్థమైంది. చెయ్యి పైకెత్తి ఆపాలనిపించింది. ఆపడానికి నేనెవరిని? విలేకరిని.

తల తిప్పి చూస్తే ఆమె కుర్చీలోంచి సగం లేచి ఉంది. మిగతా ఇద్దరు నడిచినప్పుడు ఆమె విన్నట్టే లేదు.

"వీళ్లల్ల మీ ఆయనను చంపినాయన ఉన్నడా అమ్మా?" అన్నాడు వకీలు.

"ఆ నడక లేదు."

"లేదు గదా. మంచిది." వకీలు కూర్చోబోయాడు.

"మూడోసారి నడిచిందెవలు?" అంది ఆమె.

"ఎవరనుకుంటున్నవు?"

ఆమె వరండా వైపు తల తిప్పింది.

"మా ఆయన" అంది.

వెనక బెంచీల్లో ఎవరో నవ్వారు. జడ్జిగారు నవ్వలేదు.

"మీ ఆయన సచ్చిపోయిండు గదమ్మా" అన్నాడు వకీలు, నిజంగానే జాలిగా.

"అది నాకెరుకనే సార్. నేను పిచ్చిదాన్ని గాదు. నడిచింది మాత్రం మా ఆయనే."

టైపిస్టు ఆ మాటను ఉన్నది ఉన్నట్టు కొట్టాడు. ముద్దాయి మళ్లీ బోనులోకి వచ్చాడు. తల వంచుకుని తన పాదాలను చూసుకుంటున్నాడు. ఎవరివో అక్కడ పెట్టి పోయినట్టు చూసుకుంటున్నాడు.

బయట ఆడబిడ్డ గోడకు ఆనుకుని కొంగు నోట్లో కుక్కుకుంది. పరీక్ష జరిగినంతసేపూ ఆమె వరండాలోనే ఉంది.

"మా అన్న నడిచినట్టే నడిచిండు సార్. నేను కండ్లతోటి చూసిన. ఇద్దరు గలిసి నూలుకు పోతుండ్రి, గలిసి వస్తుండ్రి. తన నడక దాపెడదామనుకుంటే కాళ్లకు అదే వచ్చింది గావచ్చు."

ఆడబిడ్డను వెంటబెట్టుకుని ప్రభుత్వ వకీలు దగ్గరికి వెళ్లాను. ఆయన ఫైలు కట్టుకుంటూ, చనిపోయినవాడు ఎట్లా నడిచేవాడో కాగితం మీద ఎక్కడైనా ఉందా అని అడిగాడు. ఎక్కడా లేదు. నేను కొట్టేసిన నాలుగు వాక్యాల్లో ఉంది.

తీర్పు బాగా రాశారు. చూపు లేనంత మాత్రాన సాక్ష్యం చెల్లదనడానికి వీల్లేదని, వినికిడి మీద ఆధారపడిన సాక్ష్యాన్ని తక్కువగా చూడరాదని రెండు పేజీలు ఉన్నాయి. మూడో పేజీలో, ఈ సాక్షి మాత్రం కోర్టు ఎదుట నడిచినవాళ్లలో మరణించిన వ్యక్తిని గుర్తుపట్టిందని ఉంది. అనుమానం కింద ముద్దాయిని వదిలేశారు.

నెల తర్వాత హైకోర్టులో అప్పీలుకు కాగితాలు తయారు చేయించి కొత్తవాడ వెళ్లాను. అక్కడి వకీలు నాకు తెలిసినాయనే, ఫీజు లేకుండా వాదిస్తానన్నాడు. ఆమె వేలిముద్ర వేస్తే చాలు. నేను చేసిన తప్పు మొత్తం ఆమెకు చెప్పాను. ఆమె విని, "నువ్వు రాసుడు నీ పని" అంది.

సాయంత్రం నాలుగు దాటింది. గల్లీలో ఎవరో వస్తున్నారు. ఒక అడుగు బరువుగా, ఒక అడుగు మెల్లగా. నేను లేచాను. కిటికీలోంచి చూస్తే అతనే, భుజాన నూలు మూట. చిక్కిపోయాడు. మా వైపు చూడలేదు.

"ఇంకా అట్లనే నడుస్తున్నాడా?" అని మెల్లగా అడిగాను.

"ఇంట్ల గూడ గట్లనేనట సార్" అంది ఆడబిడ్డ. "ఆయన పెండ్లాం బోరింగు కాడ చెప్పి ఏడ్చింది. ఇడిసిపెడదామంటే వస్తలేదట. పాత నడక యాదికొస్తలేదట."

అడుగులు పక్కింట్లోకి వెళ్లి ఆగిపోయాయి. ఆమె ఇంకా అటే చెవి పెట్టి ఉంది. నేను ఇంకు ప్యాడ్ తెరిచి ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఆమె మెల్లగా చెయ్యి వెనక్కి తీసుకుంది.

"అప్పీలుల గెలిస్తే ఆయన్ను తీస్కపోతరు గద సార్?"

"అవునమ్మా. జైలుకు."

"నడకను గూడ."

నేను ఇంకు ప్యాడ్ మూత పెట్టేశాను.

"ఆయన చంపిండని నాకెరుక" అంది ఆమె. "రోజు అన్నం తినంగ యాదికొస్తది. గోడ అవుతల దగ్గినా లేచి లోపలికి పోత. గని నాలుగు గొట్టంగ మా ఆయన ఇంటికొస్తాండు. నేనేం జెయ్యాలె?"

ఆడబిడ్డ కోపంగా లేచి లోపలికి పోయింది. లోపల గిన్నెలు గట్టిగా చప్పుడయ్యాయి.

దాఖలు చేయడానికి పది రోజుల కంటే ఆగలేనని వకీలు చెప్పాడు. తొమ్మిదో రోజు సాయంత్రం, వేలిముద్ర సంగతి అడుగుదామని ఫోన్ చేశాను. ఆడబిడ్డ ఎత్తింది.

"వదినె వాకిట్ల కూసున్నది సార్" అంది గొంతు తగ్గించి. "ఇప్పుడు పిలిస్తే పలుకది. ఆయనొచ్చే యాళ్లయింది."