ఒకటో ప్లాట్‌ఫారం కింది బావి

ఆమెను స్టేషన్‌లో అందరూ బిళ్ళక్క అనేవారు. సామాన్లు మోసే కూలీలు దండచేతికి కట్టుకునే ఇత్తడి బిళ్ళ వల్ల వచ్చిన పేరది. ఆ బిళ్ళ మొదట ఆమె భర్తది. ఒకనాడు ఎవరిదో ఇనప్పెట్టె ఎత్తబోయి ఆయన నడుం పట్టేసింది. ఇక జన్మలో బరువు ముట్టుకోవద్దని డాక్టరు తేల్చి చెప్పాడు. మర్నాడు పొద్దున్నే ఆమె వెళ్ళి స్టేషన్ మాస్టరు ఎదుట నిలబడింది.

"ఆడవాళ్ళకి బిళ్ళ ఇవ్వడం ఎక్కడా లేదమ్మా," అన్నాడాయన.

"ఇవ్వకూడదని ఎక్కడైనా రాసుందా అయ్యగారూ?"

ఆయన రూల్సు పుస్తకం ఈ చివర నుంచి ఆ చివరకు తిరగేశాడు. ఎక్కడా రాసి లేదు. వారం తిరక్కుండా బిళ్ళ ఆమె దండకెక్కింది. "పది రోజుల ముచ్చట," అని తోటి కూలీలు పెదవి విరిచారు. ఆ ముచ్చట ముప్పై ఎనిమిదేళ్ళు సాగింది.

ఆమె కాపురానికొచ్చిన కొత్తల్లో స్టేషన్ అంటే పెంకుల కప్పు, టికెట్లిచ్చే ఒక కిటికీ, ఒక్కటే ప్లాట్‌ఫారం. రోజుకు నాలుగు పాసింజర్లు. బొగ్గింజన్లు రొప్పుతూ వచ్చి, కడుపు నిండా నీళ్ళు పట్టుకుని పోయేవి. తర్వాత డీజిల్ ఇంజన్లొచ్చాయి. రెండో ప్లాట్‌ఫారం, పట్టాల మీదుగా మెట్ల వంతెన, కరెంటు తీగలు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. ఏ స్తంభం ఎప్పుడు పాతారో, ఏ గోడ ఎందుకు వంకర పోయిందో ఆమె తడుముకోకుండా చెప్పేది. "మా స్టేషన్" అనకుండా ఆమె నోట మాట వచ్చేది కాదు.

"నాకంటే నీకు ఆ స్టేషనే ఎక్కువైంది," అని భర్త వేళాకోళం చేసేవాడు.

"నువ్వు నడుం వాల్చేశావు. అది ఇంకా నిలబడే ఉందిగా," అనేది ఆమె.

అరవై దాటిన ఏడాది, స్టేషన్‌కు లిఫ్టు వస్తోందని తెలిసింది. మెట్లెక్కలేక ఆయాసపడే ముసలివాళ్ళను రోజూ చూసే మనిషి కాబట్టి ఆమె సంబరపడింది. ఆ సంబరం ముగ్గు పిండి గీతలు చూసేదాకానే. ఒకటో ప్లాట్‌ఫారం మీద, మెట్ల పక్కన, గుంత తవ్వాల్సిన చోట నలుచదరంగా గీశారు. అది చూడగానే ఆమె మోస్తున్న పెట్టె దించేసింది.

కొలతలు తీసుకుంటున్న ఇంజనీరమ్మ దగ్గరికి వెళ్ళింది. ఆ పిల్లకు ముప్పై ఏళ్ళుంటాయేమో.

"ఇక్కడ తవ్వొద్దమ్మా. కింద బావి ఉంది."

ఇంజనీరమ్మ నక్షా విప్పింది. "ఇందులో బావేం లేదే పెద్దమ్మా."

"కాయితంలో లేకపోతే పోనీ. నేను పూడ్చిన బావి నాకు తెలీదా? బొగ్గింజన్లకి నీళ్ళు తోడేవాళ్ళు దాంట్లోంచి. అవి ఆగిపోయాక పూడ్చమన్నారు. పన్నెండు మందిమి ఆరు వారాలు తట్టలు మోశాం. సగం నిండేసరికి మట్టి అయిపోయింది. పైన బండలు పరిచి, వాటి మీదికి ప్లాట్‌ఫారం పొడిగించేశారు. సగం ఇప్పటికీ బోలే."

పక్కనున్న మేస్త్రీ కిసుక్కున నవ్వాడు. "నిన్న గునపం దించి చూశామండీ. ఖంగుమంది. కింద గట్టి రాయి. రేపు మిషనొస్తోంది, ఆవిడ మాటలు వింటూ కూర్చుంటే పనవదు."

"ఖంగుమనక ఏమవుద్ది బాబూ? అవి నేను చెప్పిన బండలే," అంది బిళ్ళక్క.

ఇంజనీరమ్మ ఇద్దరి మొహాలూ చూసింది. "బావి మధ్య ఎక్కడికొస్తుందో చూపించగలవా?"

బిళ్ళక్క టికెట్ల కిటికీ కిందికి వెళ్ళి, గోడకు వీపు ఆనించి నిలబడింది. అక్కణ్ణించి మూడో రాతి స్తంభం వైపు పద్దెనిమిది అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచి, ఆగి, కాలితో నేల తట్టింది. "ఇక్కడ."

అది ముగ్గు గీతల నడిమధ్య.

డ్రిల్లు తెప్పించారు. బండలో బెజ్జం పడటానికి గంట పట్టింది. అందులోంచి ఇనప చువ్వ దించుతుంటే మేస్త్రీ చేతిలోంచి జారిపోయింది. ఒకటి రెండు క్షణాలకు ఎక్కడో లోతున మట్టిలో ధబ్బుమన్న చప్పుడు వినిపించింది.

మేస్త్రీ గబుక్కున వెనక్కి జరిగాడు. మర్నాడు టన్నుల బరువున్న మిషను నిలబడాల్సింది ఆ బండల మీదే. దాని మీద కూర్చోవాల్సింది అతని తమ్ముడే. "తప్పయిపోయింది పెద్దమ్మా," అన్నాడు, తల ఎత్తకుండానే.

"నీ తప్పేముంది నాయనా. నువ్వు అప్పటికి పుట్టావా ఏంటి?"

లిఫ్టు చోటు ఇరవై అడుగులు జరిపారు. ఇంజనీరమ్మ అంతటితో వదల్లేదు. మూడు రోజులు బిళ్ళక్క వెంటే తిరిగి, నేల కింద పూడిపోయినవన్నీ అడిగి రాసుకుంది. పాత గొట్టాలు, బొగ్గు గుంట, ఇంజను తిప్పే గుండ్రటి గొయ్యి, మొత్తం ఇరవై మూడు తేలాయి. కొత్త నక్షా తయారయ్యాక మూల ఉన్న వరస చదివి వినిపించింది: 'ఈ వివరాలు చెప్పినది', కింద బిళ్ళక్క అసలు పేరు, ఇంటిపేరుతో సహా.

బిళ్ళక్క ఆ వరసను వేలితో తడిమింది. తర్వాత, "నా ఒక్కదాని పేరేనా? పన్నెండు మందిమి మోశాం కదమ్మా. మిగతా వాళ్ళెవరూ ఇప్పుడు లేరు. పేర్లు చెప్తాను, రాసుకుంటావా?" అంది.

ఇంజనీరమ్మ పెన్ను తీసింది. బిళ్ళక్క వేళ్ళు మడుస్తూ ఒక్కొక్కరి పేరూ చెప్పింది. అవన్నీ నక్షాలోకి ఎక్కాయి.

ఒక నకలు ఆమె చేతిలోనూ పెట్టారు. ఇంటికి తెచ్చి మంచం మీద పరిచింది. భర్త కళ్ళద్దాలు పెట్టుకుని వంగి చూశాడు.

"అంతా గీతలే. ఏది ఎక్కడుందో చెప్పు," అన్నాడు.

ఆమె మంచం అంచున కూర్చుని, టికెట్ల కిటికీ దగ్గర వేలు పెట్టి మొదలుపెట్టింది. చీకటి పడేదాకా చెబుతూనే ఉంది. ఆయన ఒక్క వేళాకోళమూ ఆడలేదు.