ఒక బోల్టుకు ముప్పై ఏడు ఆమోదాలు

కారు సీటు కింద, ఎవరి కంటికీ కనపడని ఒక బోల్టు నా ఉద్యోగం ఊడగొట్టబోయింది. ఎట్లాగో చెబుతాను. మీరు నవ్వుకోండి, అభ్యంతరం లేదు. నాకు మాత్రం ఇప్పటికీ ఒళ్ళు మండుతూనే ఉంది.

దిల్‌సుఖ్‌నగర్‌లో, కింద కోచింగ్ సెంటర్, పైన మా ఆఫీసు. ఒక కార్ల ఫ్యాక్టరీకి మేము సాఫ్ట్‌వేర్ చేసేవాళ్ళం. కారులోని ప్రతి భాగం డ్రాయింగూ అందులో ఉంటుంది. ఏది పాతది, ఏది కొత్తది, మార్చింది ఎవరు, అన్నీ అదే చెప్పాలి. అది ఎట్లా పనిచేయాలో ఫ్యాక్టరీ వాళ్ళను అడిగి, రాసి పెట్టడం నా పని. ఉద్యోగం ఇంకా పర్మనెంట్ కాలేదు.

అన్నిటికన్నా పెద్ద చిక్కు, డ్రాయింగ్ మార్చాలంటే ఎవరి ఆమోదం కావాలి? నేను ఐదుగురి పేర్లు రాశాను. పెయింటింగ్ విభాగం పెద్దాయన ఫోన్ చేసి, "మమ్మల్ని అడగాల్నని అనిపించలేదా తమ్మీ?" అన్నాడు. బోల్టుకు రంగేమిటండీ, మీరే చెప్పండి!

ఆ సాయంత్రం మన్సూరాబాద్‌లో ఇంటికి పోయి తల పట్టుకుని కూర్చున్నాను.

"ఏందిరా, గంత పరేషాన్?" అంది అమ్మ.

"లిస్టుల పేరు లేదని ఒకాయన అలిగిండే."

"అలగడా మరి? మీ చిన్నక్క లగ్గం కార్డుల మీ పెద్దమామ పేరు మర్చిపోతే మూడేండ్లు గడప తొక్కలే. అందర్నీ రాయి. నీదేం పోతది?"

నాదేం పోతుందో అప్పుడు తెలియలేదు. మర్నాడు పెళ్ళికార్డులో 'ఆహ్వానించువారు' రాసినట్టు రాశాను. పెయింటింగ్, స్టోర్సు, టైర్లు, చివరికి క్యాంటీన్ చూసే ఆయన కూడా. మొత్తం ముప్పై ఏడు మంది. అందరూ ఓకే నొక్కితేనే కొత్త డ్రాయింగ్ బయటికి వస్తుంది. ఇంకో మర్యాద కూడా చేశాను. నొక్కని వాళ్ళ పేర్లు తెర మీద కనిపించకూడదని రాశాను. పదిమందిలో ఎవరి పరువూ పోవద్దు కదా!

శుక్రవారం నాలుగు గంటలకు ఫ్యాక్టరీ వాళ్ళకు చూపించాలి. సీటు బోల్టును కాస్త పొడుగు చేసిన డ్రాయింగ్ వాళ్ళ ముందే బయటికి రావాలి. మా మేనేజరు సూర్యంగారు, భీమవరం ఆయన, ముందే చెప్పారు. "చూడండి, ఇది వచ్చిందా మీరు పర్మనెంటు. రాలేదా, నన్నేం అడక్కండి."

శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి తెర మీద 'ఒకరు బాకీ' అని ఉంది. ఎవరా ఒక్కరు? నా మర్యాద పుణ్యమా అని పేరు లేదు. ఫోన్ అందుకున్నాను.

"నొక్కిన తమ్మీ, పొద్దుగాలనే నొక్కిన," అన్నాడు పెయింటింగ్ పెద్దాయన. "అసలు సీటు కింది బోల్టుతోని నాకేం పని?"

పళ్ళు పటపట కొరికాను. క్యాంటీన్ ఆయన నొక్కాడట. టైర్ల ఆయన రెండుసార్లు నొక్కాడట! తక్కినవాళ్ళదీ అదే మాట. ఇక మిగిలింది సెలవులో ఉన్న స్టోర్సు యాదగిరి.

"బాటసింగారంల ఉన్నన్నా. తోట మామిడికాయ మార్కెట్ల దించుతున్న. ఫోన్లనే నొక్కిన, ఒట్టు."

"అబద్ధమాడకు! నీ కాయల కోసం నా ఉద్యోగం తీస్తవా?" అని అరిచాను. ఆఫీసంతా తిరిగి చూసింది. మర్యాదస్థుణ్ణి కదా, ఇంకో నాలుగు మాటలు కూడా అన్నాను.

నాలుగైంది. ఫ్యాక్టరీ వాళ్ళంతా వీడియోలో కూర్చున్నారు. యాదగిరి కూడా లారీ పక్కన నిలబడి ఫోన్‌లో చూస్తున్నాడు.

"ఆ ఒక్కరూ ఎవరండీ?" అన్నారు సూర్యంగారు.

"పేరు కనపడదు సార్."

"అదేంటండీ? ఎవరు పెట్టారా రూలు?"

"నేనే సార్."

ఆయన నా వైపు చూడకుండా ప్రోగ్రామర్ సునీతతో, "లోపల డేటా తెరవమ్మా," అన్నారు. ఆమె పెద్ద తెర మీదే తెరిచింది. ముప్పై ఆరు పేర్ల ఎదురుగా 'ఓకే'. అన్నిటికంటే పైన, ఖాళీగా, నా పేరు!

లిస్టు మొదలుపెట్టిన రోజున, ఎట్లా కనిపిస్తుందో చూద్దామని మొదట నా పేరే కొట్టాను. తీసెయ్యడం మరిచిపోయాను.

తెరలోంచి యాదగిరి మెల్లగా అన్నాడు, "అన్నా, జర నువ్వు గూడ నొక్కు."

పిలవని పేరంటానికి పోయేవాళ్ళను చూశాను. తాను పిలిచిన పేరంటానికి తానే పోనివాణ్ణి మాత్రం నన్నే చూశాను. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినవాడు నాకంటే నయం, ఊరివాళ్ళనైతే తిట్టలేదు. నొక్కాను. బోల్టు బయటికొచ్చింది. నా పర్మనెంటు మాత్రం ఇంకో మూడు నెలలు వెనక్కి పోయింది. యాదగిరికి క్షమాపణ చెబితే, "గట్ల అయితదన్నా," అని నవ్వాడు. తిట్టి ఉంటే ఇంత సిగ్గయ్యేది కాదు.

కాబట్టి పాఠకులారా, మీ సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఎవరు మూడేండ్లు గడప తొక్కకపోయినా సరే, పనితో సంబంధం లేనివాడి పేరు ఇక ఏ లిస్టులోనూ ఉంచను. మొట్టమొదట కొట్టేసేది నాదే.