ఎక్కించిన సూదులు

ఐర్లండు పడమటి కొసన కనెమరా పల్లెల్లో దర్జీయే ఇంటికొస్తాడు. ఇంటి గొర్రెల ఉన్నితో నేయించిన గుడ్డంతా కుట్టాకే కదులుతాడు. దర్జీ ఫెస్టీ అయితే వంటింటి బల్లెక్కి, కిటికీ పక్కన బాసింపట్టు వేసుకున్నాడంటే ఆ ఇంటికి రాజే.

ఆ ఫిబ్రవరిలో సబీనా ఇంట్లో ఆమె కొడుకు పెళ్లికోటు కుడుతున్నాడు. ఈస్టర్ ముందు నలభై రోజుల ఉపవాసాల్లో పెళ్లిళ్లు చేయరు; అవి మొదలయ్యేలోపు కాకపోతే పండగ దాకా ఆగాల్సిందే. ఫెస్టీకి డెబ్బై దాటాయి. రెండేళ్లుగా సూదిబెజ్జం కనబడటం లేదు. వేళ్లకు అలవాటుండబట్టి కుట్టు సాగుతోంది గానీ, దారం ఎక్కించడమే చావుకొచ్చింది. సంగతి పొక్కితే ఇక ఎవరూ పిలవరు. పట్నంలో రెడీమేడ్ కోట్లు వేలాడుతూనే ఉన్నాయి. అందుకే దారం అయిపోగానే ఓ కథ ఎత్తుకుని, ఆ సందులో తడుముకుంటూ ఎక్కించేవాడు. ఆ కథలు ఏటికేడూ పొడుగవుతున్నాయి, పాపం.

మూడో రోజు సబీనా కోటు అందుకుని చూసింది. నల్ల కోటు చేతికి పైనుంచి కిందిదాకా తెల్లకుట్టు! ముందు వదులుగా వేసి పీకేసే దారంతోనే అసలు కుట్టు వేసేశాడు.

"ఇదేంటి ఫెస్టీ బాబాయ్, డబ్లిన్ ఫ్యాషనా?"

దొరికిపోయానని ఆయనకు తెలిసిపోయింది. నోరు మాత్రం తగ్గలేదు. "నీ ఇంటి పొగలో ఏం కనబడి చచ్చింది? పొగగూడు దులిపించి ఎన్నాళ్లయిందమ్మాయ్?"

"దులిపిస్తాలే, టీ తాగు" అని, ఆ కుట్టు తనే విప్పేసింది.

మర్నాడు బల్లమీది సూదుల దిండుకి పాతిక సూదులు గుచ్చి ఉన్నాయి, అన్నిటికీ దారం ఎక్కించి. ఎడమవైపు నలుపు, కుడివైపు తెలుపు. ఫెస్టీ తడిమి చూసుకున్నాడు.

"దారం ఇంత పొడుగా? బద్ధకస్తులు తీసే దారమిది" అని గొణిగాడు. ఆ రోజంతా కథ లేదు, చకచకా కుట్టాడు. కోటు పెళ్లికి అందింది.

తర్వాత కొండ అవతల బార్ట్లీ ఇంట్లో పని. అక్కడ సబీనా ఉండదు. భయంభయంగానే బల్లెక్కాడు. దిండుకి సూదులు: ఎడమవైపు నలుపు, కుడివైపు తెలుపు.

"ఆ సబీనా నోట్లో నువ్వుగింజ నానదు" అన్నాడు.

బార్ట్లీ పెళ్లాం పొయ్యి దగ్గర్నుంచి తిరగకుండానే అంది: "ఆవిడ చెప్పింది సూదులు గుచ్చే పద్ధతొక్కటే బాబాయ్. నీ కళ్ల సంగతి రెండేళ్లుగా అందరికీ తెలుసు. కథలు బావున్నాయని ఊరుకున్నాం. సూదులున్నాయి కదాని ఇప్పుడు కథ ఎగ్గొడితే మాత్రం ఒప్పుకోం."

ఫెస్టీ కళ్లు తుడుచుకుని, నల్లదారం సూది తీసుకుని, కథ మొదలుపెట్టాడు.